చాయ్ ఎన్ని?

నసీమా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇన్నాళ్లూ తప్పించుకున్నా, నీ సీ లాంగ్వేజ్ ల్యాబ్ చివరికి నా మెడకే పడింది.

ఈరోజు కంగ్టి నుంచి కాలేజీకొచ్చే సరిత, మార్కుల సగటు ప్రోగ్రాంలో ఎర్రర్ పోక తల పట్టుకుంది. పైన డిక్లరేషన్‌లో ఫంక్షన్‌కి ఒక్క మార్కు ఇస్తానని రాసింది. కింద అసలు ఫంక్షన్‌లో అర్రే, అంటే మార్కుల వరస మొత్తం ఇస్తానంది. నా నోట నీ మాటే వచ్చింది.

"పైనొక మాట, కిందొక మాట, ఏందే ఇది?"

నవ్వుకుంటూ పైన కూడా అర్రే అని తెలిసేలా బ్రాకెట్లు పెట్టింది. ఎర్రర్ పోయింది కానీ సగటు తప్పొచ్చింది. ఐదు సబ్జెక్టులుంటే ఫంక్షన్ రెండే లెక్కపెట్టుకుని కూడింది.

"అర్రే మొత్తం పంపిన గద మేడమ్! అండ్ల ఎన్నున్నయో దానికి తెల్వదా?"

"తెల్వదు. దానికి పోయేది అర్రే యాడుందో ఆ అడ్రస్ ఒక్కటే. ల్యాబ్‌కు చాయ్ పంపుమంటే అయిపోతదా? ఎన్నో గూడ చెప్పాలె."

ఈ చాయ్ పోలికా నీదే. అర్రేతో పాటు ఐదు అని కూడా పంపేసరికి లెక్క సరిపోయింది.

చాయ్ మాటెత్తాక తాగాలనిపించింది. నువ్వు పోయాక మొదటిసారి ఖేడ్ బస్టాండ్ దగ్గరి మన హోటల్‌కు ఫోన్ చేశాను. "ల్యాబ్‌కు చాయ్ పంపు మల్లన్నా" అని పెట్టేశాను. ఎన్నో చెప్పనేలేదు.

రెండొచ్చాయి. ఒకటి నీది, చక్కెర లేనిది.