అల్లుడు పెట్టిన రబ్బరు ముక్కలు

అమ్మాయి వాళ్ళమ్మకి, క్షేమంగా చేరాను, మోకాలు కూడా మాట వింటోంది.

వీళ్ళ కొత్త వాషింగ్ మెషీను బట్టలు పిండేటప్పుడు దడదడలాడుతూ గడప దాకా నడిచొచ్చేది. అల్లుడు దాని కింద రబ్బరు ముక్కలు పెట్టాడు, అయినా ఆగకపోతే పైకెక్కి కూర్చునేవాడు. నిన్న అతను ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్ళినప్పుడు వెనకవైపు చూద్దును కదా, లారీలో తెచ్చేటప్పుడు డ్రమ్ము కదలకుండా కంపెనీవాళ్ళు బిగించిన బోల్టులు తీయనేలేదు. విప్పి జేబులో వేసుకున్నాను. సాయంత్రం మెషీను నిమ్మళంగా తిరిగింది.

"చూశారా మామయ్యా, రబ్బరు సర్దుకుంది" అన్నాడు. అవునన్నాను. అమ్మాయి నా జేబు వంక చూసి బట్టలు ఆరేయడానికి వెళ్ళింది.

పంపు కారడం తగ్గిందా? నీ మాత్రలు మానకు. బోల్టులు తెస్తున్నాను, వాళ్ళు ఇల్లు మారేటప్పుడు మళ్ళీ బిగించాలి, అందాకా నీ కుట్టుడబ్బాలో దాచు. చిన్నదానికి దీవెనలు. ఈ కార్డు అల్లుడి చేతికివ్వకుండా నేనే పోస్టులో వేస్తున్నాను. ఫోన్ చేస్తే రబ్బరు సంగతి అడిగి మెచ్చుకో. ఉద్యోగం పోయాక తన చేతికి కలిసొచ్చిన పని ఇదొక్కటే అని మురుస్తున్నాడు, మురవనీ.