బోర్డు ముందు తీసిన ఫోటో

బెంటన్‌విల్, అమెరికా

అక్కకు, బావగారికి నమస్కారాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఆయనా, నేనూ, మేఘనా ముగ్గురం క్షేమం. నిజంగానే క్షేమం. ఫోన్‌లో చెబితే నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, అసలు సంగతి మిగిలిపోతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. రెండు వారాల కిందట నాలుగు కుటుంబాలం కలిసి లేక్ దగ్గరున్న బీచ్‌కి వెళ్లాం. గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టి తీసిన ఫోటో పంపితే బాగుందన్నావు కదా. దాన్ని ఒకసారి పెద్దది చేసి చూడు. వాళ్ల వెనక బోర్డు మీద ఎర్రక్షరాలుంటాయి. చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ తల్లో తండ్రో చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలని. చదివానక్కా. చదివి కూడా, చుడీదార్ తడుస్తుందని ఒడ్డున చాప మీద కూర్చున్నాను.

మన సంగతి నీకు తెలుసుగా. నలుగురు ఆడవాళ్లం ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారనుకున్నాం. సుజాత చూస్తోందని నేను పులిహోర వడ్డిస్తున్నాను. నేను చూస్తున్నానని సుజాత కబుర్లలో పడింది. మగవాళ్లు గ్రిల్ దగ్గర వీసాల గొడవలో ఉన్నారు.

విజిల్ వినబడింది. తల తిప్పేసరికి లైఫ్‌గార్డ్ అమ్మాయి ఎవరో పిల్లను నీళ్లలోంచి ఎత్తుకొస్తోంది. మన మేఘన! ఒక్క కేక కూడా వెయ్యలేదక్కా. మునిగేవాళ్లు అరుస్తారనుకునేదాన్ని. నీళ్లు కక్కి, దగ్గి, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వినేదాకా నా ప్రాణం నాలో లేదు.

“ఎవరి పాప?” అని అడిగింది లైఫ్‌గార్డ్.

“మా పాపే” అన్నాం నలుగురం ఒక్కసారే.

“మరి ఎవరు చూస్తున్నారు?”

నేను సుజాత వైపు చూశాను, సుజాత నా వైపు చూసింది.

హాస్పిటల్‌లో చూసి, ఏం ఫర్వాలేదన్నారు. రెండో రోజుకే సైకిలెక్కింది. కంగారుపడకు.

నీకో మాట చెప్పాలి. కార్తీకమాసంలో మీ వీధివాళ్లంతా సముద్రస్నానానికి సూర్యలంక వెళ్తారు కదా. అందరం ఉన్నాంలే అనుకోకు. నువ్వు దీపాలు వదిలేటప్పుడు పిల్లల్ని బావగారికి అప్పగించు. ఆయన సరేనన్నాకే కదులు.

మేఘనకి నీళ్లంటే భయం పాతుకుపోకూడదని మొన్న ఆదివారం మళ్లీ తీసుకెళ్లాను. నవ్వకు, నేనూ ఈత బట్టలు కొనుక్కుని నడుంలోతు నీళ్లలో దిగాను. మేఘన ఆడుతూ ఆడుతూ ఆగి, చెయ్యి చాపి నా మోచెయ్యి ముట్టుకుంది.

“లాస్ట్ టైమ్ కూడా ఇలాగే చెయ్యి పెట్టానమ్మా. నువ్వు లేవు” అంది.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. మేఘనకి నీ దీవెనలు, నాకు నీ తిట్లు తప్పకుండా పంపు.

నీ చెల్లెలు
పద్మ