నా మళ్లు, వాళ్ల టైల్స్

ఫిబ్రవరి 3
ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వారమైంది. గుండె ఆపరేషన్ నాకు జరిగితే తెలివి పోయింది ఇంట్లోవాళ్లకి. చలి తగ్గుతోంది. పెరట్లో ఎండిన టమాటా మోళ్లు పీకాలి, గులాబీలు కత్తిరించాలి, మళ్లు తవ్వి ఎరువు కలపాలి. ఇప్పుడు చేస్తేనే వసంతానికి ఏదైనా మొలిచేది. మా ఆవిడేమో పార, కత్తెర అన్నీ షెడ్డులో పెట్టి తాళం వేసింది. బరువులెత్తితే కుట్లు విడిపోతాయట. కత్తెర బరువా?

ఫిబ్రవరి 6
పై వాటాలో ఉండే అల్లుడు దిగొచ్చి తానే తవ్వుతానన్నాడు. నిన్నంతా వాన. తడి బంకమట్టిని తవ్వితే ఎండాక ఇటుకలవుతుంది, ఆ మాత్రం తెలియదా? కిటికీలోంచి గొంతు చించుకున్నాను. బీపీ పెరుగుతుంది, రెస్ట్ తీసుకోమన్నాడు. పెంచుతున్నది ఎవడు!

ఫిబ్రవరి 11
ఇటుకలే అయింది.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం
అరికాలి మంట నెత్తికెక్కింది. గేటు ముందు ట్రాలీ ఆగింది, నిండా సిమెంట్ టైల్స్. మా ఆవిడ పెరడంతా పరిపించేస్తుందట. మేస్త్రీ సోమవారం వస్తాడట. నన్నొక్క మాట అడిగింది లేదు. మేమీ ఇంటికొచ్చినప్పుడు అక్కడ రాళ్లూ సీసాపెంకులూ తప్ప ఏమున్నాయి? గోళ్లు అరిగేదాకా బాగుచేసుకున్న మట్టి అది. మనుషుల నోట్లో మట్టి కొడతారని విన్నాను, మట్టి నోట్లో సిమెంట్ కొట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. నిలదీస్తే, నాకు నడవడానికి వీలుగా ఉంటుందంది. నేనేమైనా పసిపిల్లాణ్నా? అన్నం మానేశాను. మాటా మానేశాను.

సాయంత్రం
ఆకలేసి తిన్నాను. మాట మాత్రం లేదు.

ఫిబ్రవరి 16
ఆవిడా మాట్లాడలేదు. ఇంకా ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 17
ఆవిడే నోరు విప్పింది. డాక్టర్ నాకు చెప్పనిది తనకు చెప్పాడట. గుండె సగమే పనిచేస్తోంది, ఈ ఏడాది గడిస్తే అదృష్టమేనన్నాడట. నేను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో తను సాయంత్రాలు ఇంటికొచ్చి చూస్తే, నేను వేసిన ముల్లంగి దాని పాటికది దుంప ఊరుతోందట. పీకలేక, వండలేక, ఆ మడి గట్టునే కూర్చుని ఏడ్చిందట. ఇప్పుడు నేను విత్తనాలు వేసేసి వెళ్లిపోతే, అవన్నీ మొలిచి, పూసి, కాస్తుంటే ఒక్కతే చూడాలి, అది తన వల్ల కాదంది. అసలు మొలవడానికి చోటే లేకపోతే నయమనుకుందట.

కోపం వచ్చింది. డాక్టర్ మీద, ఆవిడ మీద కూడా. నేనింకా ఇక్కడ ఉండగానే పంపించేసిందే! అరవబోయాను. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఆపరేషన్‌కి ముందు కూడా ఇంత భయం వేయలేదు.

టైల్స్ వెనక్కి పంపించెయ్యమన్నాను. పార నువ్వే పట్టు, నేను కుర్చీలో కూర్చుంటానన్నాను. ఆవిడ లేచి వెళ్లి షెడ్డు తాళం తీసింది.

ఫిబ్రవరి 26
చిక్కుడు గింజల పొట్లం మొత్తం ఒక్క గుంటలోనే పోసేసింది. మట్టి కప్పి, అరచేత్తో నెమ్మదిగా తట్టి, సరిగ్గానే పెట్టానా అని అడిగింది.

సరిగ్గానే పెట్టావన్నాను.