డ్యూటీ దిగిన ఆదివారం

నూజివీడు

ప్రియమైన మీకు,

ఫోనులో మాట మొదలుపెట్టేలోపే వార్డు నుంచి పిలుపొస్తోంది, అందుకే రాస్తున్నాను. మా ఆసుపత్రిలో రెండో డాక్టరు బదిలీ అయ్యాక ఆయన డ్యూటీ కూడా నామీదే పడింది. నిన్న ముసునూరు దగ్గర మామిడితోటలో పురుగుమందు కొడుతూ పడిపోయిన హనుమయ్యను తెచ్చారు. నోట్లో నురగ. అప్పటికి నేను ఇంటి ముఖం చూసి రెండు రోజులైంది. అతను బతికాడు. భార్య నాగేంద్రమ్మ, "మీరు దేవతండీ డాక్టరమ్మా" అంటూ నా కాళ్ళమీద పడబోయింది.

ఆమెకు తెలియనిది మీకు చెబుతున్నాను. సూది గుచ్చబోతూ ఎందుకో సీసా మళ్ళీ చూశాను. అది వేరే మందు. దాన్ని పారేసి సరైనది ఇచ్చాను. చెయ్యి వణకలేదు, గుండె దడదడలాడలేదు. అదే నాకు భయంగా ఉంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను.

మీ
రాగిణి

విశాఖపట్నం

ప్రియమైన రాగిణీ,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. వెంటనే రాజీనామా ఇచ్చి వచ్చెయ్. పోయినసారి వచ్చినప్పుడు అన్నం కలుపుతూనే కునుకు తీశావు. పాప నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

ఒక్కమాట. మందు సంగతి ఎవరితోనూ అనకు. పోయిన ఏడాది మీ ఆసుపత్రి అద్దాలు పగలగొట్టిన వాళ్ళు కూడా అంతకుముందు నీకు దండం పెట్టినవాళ్ళే కదా.

నీ కోసం చూస్తూ,
సాయిరాఘవ

నూజివీడు

ప్రియమైన మీకు,

మీరు వద్దన్న పనే చేశాను. నాగేంద్రమ్మకు చెప్పేశాను. ఆమె, "రేపు ఇంకొకళ్ళని తీసుకొస్తే మీరిట్టాగే నిద్ర లేకుండా ఉంటారాండీ?" అని అడిగింది.

నేరుగా మా సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. రాజీనామా ఇవ్వలేదు. నా డ్యూటీ అయ్యాక ఇక ఒక్క గంట కూడా ఉండనని చెప్పాను.

"మీరు లేకపోతే జనం ఏమైపోతారమ్మా?" అన్నారు.

"నేనిలా ఉంటే ఏమైపోతారండీ?" అన్నాను.

బదిలీ చేయిస్తానన్నారు. చేయించనివ్వండి.

మొన్న ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం అంబులెన్సు మోత వినిపించింది. చెప్పులేసుకుని గేటుదాకా పరిగెత్తాను. బండి ఎదురుగా ఉన్న ఆసుపత్రిలోకి తిరిగి, చూసే డాక్టరు లేక కాసేపటికి బయటికొచ్చి విజయవాడ రోడ్డు పట్టింది. అందులో ఎవరున్నారో తెలియదు. తర్వాత ఎవరినీ అడిగే ధైర్యం చెయ్యలేదు. గేటు పట్టుకుని ఏడ్చాను. లోపలికొచ్చి పడుకుంటే సాయంత్రందాకా మెలకువ రాలేదు.

సోమవారం పొద్దున ఒక పిల్లాడికి సూది వేస్తుంటే నా చెయ్యి కాస్త వణికింది. ఎంత హాయిగా అనిపించిందో.

మీ
రాగిణి