చెరువుకు బలం

చేపల సంఘం పెద్ద జంగయ్య గారికి,
నేరేడ్‌మెట్‌లో మీ చెరువు పక్క అపార్ట్‌మెంటు నుంచి తాతారావు నమస్కరించి వ్రాయునది. నేను భీమవరం వాణ్ణి. మా బావమరిదికి చేపల చెరువులున్నాయి, కాబట్టి ఆ విద్య నాకూ వచ్చినట్టే. మీ చేపలు మరీ ఈనుపుల్లల్లా ఉన్నాయండీ! మా వైపు పేడా, ఎరువూ వేసి నీళ్లు పచ్చబరుస్తాం. అది తిని చేపలు దుక్కల్లా అవుతాయి. మృగశిర కార్తె నాటికి మీ చేపల్ని అలా చేసే పూచీ నాది. ఎలాగని అడక్కండి.
మీ మేలుకోరే
తాతారావు
తా.క.: మా ఆవిడ జగదాంబ నా స్కూటరు ఎక్కనంటోంది. పేడ కంపట. మంచి పనికి ఇంట్లోనే అడ్డు!

తాతారావు సారుకు జంగయ్య దండాలు.
ఫోన్ చేస్తే మీరే మాట్లాడుతరు, గందుకే ఉత్తరం. చెరువు పచ్చ పెయింటు పోసినట్టయింది. పొద్దుగాల చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. నిన్న కొన్ని సచ్చి తేలినయ్. మృగశిరకు అందరు చేపలు తింటరు, ఆ ఒక్క పట్టు మీదనే మా సంఘపోళ్ల ఏడాది బతుకు. ఎవడో పాపాత్ముడు ఏదో కలుపుతున్నడు. శాన పరేషాన్‌ల ఉన్నం.
మీ జంగయ్య
తా.క.: గట్టు మీద సంచితోని ఎవరన్న కనవడ్డరా?

జంగయ్య గారికి శుభాకాంక్షలు.
నోళ్లు తెరిచాయంటే ఆకలండీ! పసిపిల్లలు తెరవరూ? రేపట్నుంచి నా సాయం రెట్టింపు. ఇక పాపాత్ముడంటారా, పొద్దున్నే గట్టు మీద నేను తప్ప నరమానవుడు ఉండడు. ఉంటే నా కంట పడకుండా పోతాడా?
మీ కొండంత అండ
తాతారావు
తా.క.: చేపలు నోళ్లు తెరిచింది ఆకలికి కాదు, నా స్కూటరు కంపుకి అంటోంది జగదాంబ. ఆవిడకేం తెలుసు!

సారుకు జంగయ్య మొక్కి రాసేది.
ఆకలి కాదు సారూ, ఊపిరాడుతలేదు. వచ్చి కలిసే మురికి కాలువతోనే మా చెరువుకు తిండి ఎక్కువైంది. దాని మీదికెళ్లి ఎరువు పడితే నాచు ముదిరి, కుళ్లి, నీళ్లల్ల ఉన్న గాలంత మింగుతది. తెల్లారేసరికి చేపలకు గాలి ఉండది. మేము నాచు తీస్తం, మోటర్లు పెట్టి నీళ్లు చిమ్ముతం. పొద్దుగాల కాపలా మాత్రం మీరే చెయ్యాలె. పిడికెడు ఎరువు సుత పడొద్దు, తెచ్చినోడు ఎవడైనా సరే. మీ అంత నోరున్నోళ్లు మా సంఘంల లేరు.
మీ జంగయ్య
తా.క.: విజిల్ పంపుతున్న. స్కూటరు ఇంట్లనే పెట్టుండ్రి, చప్పుడుకు దొంగ పారిపోతడు.

జంగయ్య గారికి జయం!
విజిల్ ఊదీ ఊదీ దవడలు పడిపోయాయి. ఒక్క దొంగ గట్టెక్కితే ఒట్టు! నేనంటే హడల్ మరి. కాపలాలో పడి నా సాయం కుదరలేదు. అయినా చూశారా, మునుపు వేసిన బలం ఇప్పుడు వంటబట్టి, చేపలు నీళ్లలో ఎగిరి గంతులేస్తున్నాయి. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.
చెరువు కావలి
తాతారావు
తా.క.: స్కూటరు కడిగించాను. జగదాంబ మోండా మార్కెట్ దాకా వెనక కూర్చుని వచ్చింది!

కావలి సారుకు మృగశిర దండాలు.
వలలు నిండినయ్. పిల్లజెల్లంత ఖుషీ. మీ ఇంటికి పెద్ద రవ్వచేప పంపుతున్న. దొంగ దొరకలేదని ఫికర్ చెయ్యకుండ్రి. విజిల్ పంపేటప్పుడే నాకెర్క, మీ స్కూటరు పోయిన తొవ్వ పొంటి పేడ రాలి ఉండె. కొట్లాడుదామని మావోళ్లు లేసిండ్రు. వద్దురా, సారు మనసు మంచిది, దొంగ చేతికే విజిల్ ఇస్తే దొంగతనం దానంతటదే బంద్ అయితదన్న. అయింది.
మీ దోస్త్
జంగయ్య
తా.క.: విజిల్ వాపసు ఇయ్యకుండ్రి. మురికి కాలువ మీ అపార్ట్‌మెంటుదే. రేపట్నుంచి గక్కడ ఊదుండ్రి.