నువ్వు రాయని వాక్యం

సుజాతా,

బాగున్నావా అని అడగడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. నువ్వు పోయి పదమూడు నెలలు. మన హాసినికి పన్నెండు నిండాయి. నీ చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తియ్యనివ్వడం లేదు.

ఈద్ సెలవులకి ఆర్మేనియా వెళ్ళొచ్చాం. వీసా తేలికని దోహాలో మనవాళ్ళంతా వెళ్తూనే ఉన్నారు కదా. పిల్లకి మంచు చూపిద్దామనుకుంటే, దారిలో డ్రైవరు ఓషకాన్ అనే ఊళ్ళో ఒక పాత చర్చి దగ్గర ఆపాడు. వాళ్ళ భాషకి అక్షరాలు చేసిన సన్యాసి సమాధి అక్కడే ఉందట. వంగి మెట్లు దిగితే చిన్న గది, రాయి, దాని మీద పూలు. చదువు మొదలుపెట్టిన పిల్లల్ని అక్కడికి తీసుకొస్తారట. మేమున్నప్పుడే ఒక బడి పిల్లలు వచ్చారు. బయట తోటలో అక్షరానికో రాయి చెక్కి నిలబెట్టారు. ఎవరి పేరులోని మొదటి అక్షరం దగ్గర వాళ్ళు నిలబడి ఒకటే ఫొటోలు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో నీకు తెలుసు.

దోహా పక్కన ముఐథర్‌లో టీచరమ్మ ఇంట్లో శుక్రవారం తెలుగు క్లాసు... నాలుగు వారాలు పంపి మానిపించింది నేనే. అదే టైముకి అబాకస్ ఉందని. నువ్వు స్టవ్ దగ్గర నుంచి తిరగకుండానే అన్నావు, "పిల్లకు మన రాత రాకపోతే రేపు నేను రాసింది ఎవ్వలు చదువుతరు?" అని. వాట్సాప్‌లో వాయిస్ పెట్టమని నవ్వాను.

నువ్వు ఆస్పత్రి మంచం మీద ఆ నోట్‌బుక్ మొదలుపెట్టినప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో ఆఫీసు రిపోర్టులు రాసినదానివి. కూతురికి మాత్రం తెలుగులో రాశావు, అదీ ఫోన్‌లో యాప్ కూడా చదవలేక చేతులెత్తేసే గొలుసుకట్టు రాతలో. ఎందుకు? చదివించుకోవడానికి పిల్ల నా దగ్గరికే రావాలనా?

నువ్వు పోయాక దానికి రోజుకో పేజీ చదివి వినిపించాను. మొదట్లో నీ మాటలు ఉన్నవి ఉన్నట్టే చదివాను. మన గొడవల పేజీలు వచ్చాక దాటేశాను. తర్వాత అలవాటైపోయింది. ఒకరోజు నువ్వు రాయని వాక్యం ఒకటి చేర్చాను... బొమ్మలు తగ్గించి లెక్కలు బాగా చెయ్యమని. నేను చెబితే వినదు, నువ్వు చెబితే వింటుంది కదా! మర్నాడే రంగుల డబ్బా అల్మారా మీద పెట్టేసింది. ఇంతవరకూ దించలేదు.

చివరి పేజీకి వస్తే, నువ్వు నా కోసం కాపు కాసి ఉన్నావు. "మీ నాన్న చదివినదంతా నేను రాసింది కాదు బిడ్డా. ఆయనకు నచ్చినట్టే చదువుతడు. నువ్వు నేర్చుకొని నీ కళ్ళతోని చదువుకో."

అంత నమ్మకం లేనిదానివి నా చేతికెందుకిచ్చావు? పోతూ పోతూ కూడా నన్ను దొంగలా పట్టుకోవాలా? పట్టుకున్నావు సరే... నేను దొంగనే అయ్యాను కదా. ఆ పేజీ చదవలేదు. పుస్తకం అయిపోయిందని చెప్పాను.

ఆ రాళ్ళ మధ్య హాసిని ఫొటో వద్దంది. నీ పేరులో మొదటి అక్షరం తెలుగులో రాసి చూపించమంది. పుల్లతో మట్టిలో రాశాను. దాని మీదే నాలుగైదుసార్లు వేలు తిప్పి లేచింది. ఇక నుంచి ముఐథర్ క్లాసుకి వెళ్తానని, అమ్మ పుస్తకం మొదటి నుంచి తనే చదువుకుంటానని చెప్పింది. అడగలేదు, చెప్పింది. అచ్చం నీలాగే.

దోహా రాగానే నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? చివరి పేజీ చింపబోయాను. కుట్టు దగ్గర కొంచెం చింపాను కూడా. మళ్ళీ టేపు వేసి అతికించాను. మంచివాణ్ణయిపోయి కాదు. చిరిగిన అంచు చూసి అడిగితే ఏ అబద్ధం చెప్పాలో తోచక.

నిన్న శుక్రవారం దాన్ని క్లాసులో దింపి, అయ్యేదాకా కారులోనే కూర్చున్నాను. ఎన్నాళ్ళకి చదవగలుగుతుందని టీచరమ్మని అడిగాను. చురుకైన పిల్ల, ఆర్నెల్లు చాలంది. నేను సంతోషిస్తాననుకుంది పాపం.

ఈలోగా నేనే నోరు విప్పి చెప్పేస్తానని నీకు మాటివ్వలేను సుజాతా. అంత ధైర్యం లేదు. ఒక్క శుక్రవారం కూడా మానిపించను. నా చేతనైంది అదొక్కటే.

ఉంటాను,
రవి