తిరుగు పంటు ఎక్కని మాణిక్యమ్మ

బందరు

రేవు కమిటీ పెద్దలు నాగభూషణరావు గారికి నమస్కారాలు.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటే, నేను ఫోను చేస్తే మీరు "అమ్మాయ్, అది వింటోంది" అని పెట్టేస్తున్నారు. ఈ నెలాఖరులోగా మీ లంక నుంచి మనుషుల్ని ఏరు దాటించే పంటు మీద, కార్డు చూసి పేరు పిలిచే మిషన్ కుదురుకోకపోతే దాన్ని వెనక్కి తెప్పిస్తామని మా ఓనరు జాహిద్ గారు అన్నారు. దాంతోపాటు నన్నూ ఇంటికి పంపుతారు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ మిషన్‌కి రాసిన ప్రోగ్రాం నా మొదటి పని.

మీ మేనత్త మాణిక్యమ్మ గారు పోయి నెల దాటినా, రోజూ పొద్దున మిషన్ "మాణిక్యమ్మ గారూ, ఎక్కండి" అంటోందని రాశారు. లిస్టులోంచి ఆవిడ పేరు తీయించండి. సరిపోతుంది.

ఇట్లు,
నీలోఫర్

తా.క.: ఆ మిషన్‌కి వినపడదండీ. మాట్లాడడం మాత్రమే నేర్పాను.

---

దివిసీమ

చిరంజీవి నీలోఫర్‌ని నాగభూషణరావు దీవించి రాసేది.

నువ్వు చెప్పినట్టే మా మేనత్త పేరు తీయించాను. మర్నాడు పొద్దున పంటు నడిపే పోతురాజు ఇంజను వేసి, మిషన్ ఆన్ చేశాడు. దాని దగ్గర ఎవరూ లేరు. "గుర్తు తెలియని వారూ, ఎక్కండి" అంది.

అమ్మాయ్, మేనత్తయితే సొంత మనిషి. అవతలి ఒడ్డుకి పెరుగమ్ముకోడానికి వెళ్ళేదిలే అనుకుని సర్దుకున్నాం. ఈ గుర్తు తెలియని వాళ్ళెవరు? ఆడవాళ్ళంతా పంటు దిగిపోయారు. సాయంత్రం అవతల మళ్ళీ అదే తంతు, "ఒకరు ఇంకా రావాలి" అంటుంది. వరదప్పుడు ఇద్దరిని అక్కడే మర్చిపోయి వచ్చిన దగ్గర్నుంచి, వెళ్ళినవాళ్ళందరూ ఎక్కితేగానీ ఆఖరి పంటు కదలకూడదని మా కట్టుబాటు. ఆ వచ్చేదెవరో తెలియకుండానే అందరం గట్టుకేసి చూస్తూ కూర్చున్నాం.

మా అత్త పేరు మాకు తిరిగి ఇప్పించు.

ఆశీస్సులతో,
నాగభూషణరావు

తా.క.: మిషన్ మీద సుద్దతో "రేపు రా" అని రాయించాం. వచ్చింది. మాటంటే మాటే, బతికున్నప్పుడూ అంతే.

---

బందరు

బాబాయి గారికి నమస్కారాలు.

పేరు తిరిగి పెట్టాను. ఇందులో భయపడాల్సింది లేదు. నా ప్రోగ్రాం నేరుగా మిషన్‌లో కార్డు చదివే రీడర్‌తో మాట్లాడదు. మధ్యలో లైబ్రరీ అని ఒకటుంటుంది, వేరేవాళ్ళు రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. కార్డు దగ్గరికొస్తే "వచ్చింది" అని, తీస్తే "వెళ్ళింది" అని అదే నాకు చెబుతుంది. రాత్రంతా కార్డు అక్కడే ఉన్నా, పొద్దున ఆన్ చేయగానే కొత్తగా వచ్చిందనే చెబుతుంది. అంటే ఆవిడ కార్డు రీడర్‌కి నాలుగు వేళ్ళ దూరంలోనే ఎక్కడో ఉంది. వెతికించండి.

ఇట్లు,
నీలోఫర్

తా.క.: "సాయంత్రం ఆవిడ ఎక్కినట్టు నువ్వే కొట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు జాహిద్ గారు. ఎక్కని మనిషిని ఎక్కారని నేను రాయలేనండీ.

---

దివిసీమ

చిరంజీవి నీలోఫర్‌కి ఆశీస్సులు.

దొరికింది. ఇంజను గది చెక్కకి ఇవతల మీ రీడర్, అవతల మా అత్త ఫొటో. ఫ్రేము వెనక కార్డు దోపింది ఆవిడ కోడలు బుల్లెమ్మ. ఇదేం పనే అంటే, "అత్తయ్య కార్డు లేకుండా ఎక్కితే పోతురాజు బావ నలుగురిలో దింపేస్తాడు కదండీ" అంది. పోతురాజు తల దించుకున్నాడు.

కార్డు ఈ కవర్లోనే పెట్టాను. అది మా లంకలో ఉండకూడదని కమిటీ తీర్మానం. నువ్వే ముక్కలు చెయ్యి.

ఆశీస్సులతో,
నాగభూషణరావు

తా.క.: కవరు అంటించేముందు బుల్లెమ్మ దానికి బొట్టు పెట్టింది. మీ ఇంట్లోవాళ్ళు ఏమీ అనుకోరుగా.

---

బందరు

బాబాయి గారికి నమస్కారాలు.

కార్డు మంగళవారం అందింది. బొట్టు చూసి మా అమ్మీ "పెద్దావిడ కదా, మెల్లగా కొయ్యి" అంది. కత్తెరతో రెండు ముక్కలు చేశాను. నా రీడర్ మీద పెడితే లైబ్రరీ పలకలేదు. గుడివాడ వెళ్ళి అక్కడి మా షాపులో రీడర్ మీదా చూశాను. పలకలేదు.

మీరు కార్డు తీసినప్పట్నుంచీ మీ మిషన్ ఆవిడని పిలవలేదు, బుధవారం పొద్దున కూడా. జాహిద్ గారు సంతోషించారు. ముప్పయ్యో తేదీన "అంతా సరిగ్గా ఉంది" అని నేను సంతకం పెడితే ఉద్యోగం ఖాయం.

పెట్టేదాన్నే. కానీ బుధవారం సాయంత్రం ఆఖరి పంటు రికార్డు నా కంప్యూటర్‌కి వచ్చింది. పొద్దున లంక నుంచి వెళ్ళినవాళ్ళకంటే సాయంత్రం తిరిగి ఎక్కినవాళ్ళు ఒకరు ఎక్కువ. చివరి పేరు మాణిక్యమ్మ.

ముందు తప్పు నా ప్రోగ్రాందే అనుకున్నాను. కానీ పేరు పడాలంటే కార్డు తన నంబరు తాను చెప్పాలి. చెప్పింది. ఆ నంబరు కార్డు నా బల్ల మీద రెండు ముక్కలుగా ఉంది.

ఇన్నాళ్ళూ ఆవిడ పొద్దున్నే వెళ్ళడమే గానీ తిరిగి రావడం లేదు కదండీ. ఆ రోజు లంక రేవులో ఎవరెవరు దిగారో పోతురాజు గారిని అడగండి. బుల్లెమ్మ గారిని ఇప్పుడే అడగొద్దు, ఆశ పడతారు.

ఇట్లు,
నీలోఫర్

తా.క.: పొద్దున వెళ్ళకుండా సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళకి నా ప్రోగ్రాంలో చోటు లేదు. చేర్చమంటారా, వద్దంటారా? ఏ సంగతో ఇరవై ఎనిమిదో తేదీలోగా నాకు అందేలా రాయండి.